పాత యూనిక్సునకు క్రొత్త ఎడిటరు

పూర్వము పెండ్లిళ్లకు పొరుగూరినుండి వచ్చు వంటవారిని చూచిన వారికి ఒక విషయము జ్ఞాపకముండును. పులిహోర కలుపు విధము వారికి కంఠస్థమే. అయినను ఊరిలో అడుగు పెట్టగనే వారు పొయ్యి వెలిగింపరు. "మీ కుంచమునకు ఎన్ని మానికలు? గుండిగలు ఎన్ని ఉన్నవి? నూతినీరు ఉప్పనా, మంచినీరా?" అని ముందుగా విచారింతురు. ఒక ఊరి కుంచము మరియొక ఊరి కుంచముతో సమానము కాదు గదా! విచారింపక తన ఊరి కొలతతోనే ఉప్పు వేసినచో వంట పాడగును.

ఒక కంప్యూటరుపై వ్రాసిన ప్రోగ్రామును మరియొక కంప్యూటరుపైకి, అందును చాల పాతదానిపైకి చేర్చుటలో ఇట్టి చిక్కే కలదు. ప్రోగ్రాము కూడ పొయ్యి వెలిగించుటకు ముందు విచారింపవలెను. విమ్ అను ఎడిటరును దృష్టాంతముగా తీసికొని, ఈ విచారణ ఎట్లు జరుగునో, విచారింపనిచో ఏమి నష్టము కలుగునో తెలిసికొందము.

ఎడిటరు, దాని మూలపాఠము

ఎడిటరు అనగా పాఠమును వ్రాయుటకును, దిద్దుటకును వాడు ప్రోగ్రాము. 1976లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చదువుచుండిన బిల్ జాయ్ వీ-ఐ అను ఎడిటరును రూపొందించెను. దాని పద్ధతినే అనుసరించి నెదర్లండ్సు దేశస్థుడగు బ్రామ్ మోలెనార్ 1988లో అమీగా అను చిన్న కంప్యూటరుపై విమ్ రచన ఆరంభించెను. అది 1991లో లోకమునకు వెలువడినది; 1992లో యూనిక్సుపైకి చేరినది. 2023లో మరణించు వరకు ఆయన దానిని పోషించుచునే ఉండెను.

విమ్ సి భాషలో వ్రాయబడినది. మనుష్యులు చదువగల ఈ మూలపాఠమునే సోర్సు కోడు అందురు. దీనిని యంత్రము నేరుగా గ్రహింపలేదు. కంపైలరు అను మరియొక ప్రోగ్రాము దీనిని యంత్రభాషలోనికి మార్చును. ఒక జాతి యంత్రమునకై మార్చిన రూపము వేరొక జాతి యంత్రముపై పనిచేయదు. కాని మూలపాఠము చేతిలో ఉన్నచో ఏ యంత్రమునకైనను తగిన రూపమును తయారు చేసికొనవచ్చును. పాత యంత్రములు గలవారికి ఉన్న ఆశ అంతయు ఇందే కలదు. క్రొత్త ప్రోగ్రాములను తయారుచేసి ఇచ్చువారు పాత యంత్రములను మరచిపోవుదురు. మూలపాఠము మాత్రము ఎవరినీ మరువదు.

ఒక వంశము, అనేక శాఖలు

యూనిక్సు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టినది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ దానికి ముఖ్య కర్తలు. 1973లో దానిని సి భాషలో తిరిగి వ్రాసిరి. అందుచేత అది అనేక యంత్రములపైకి ప్రాకినది. బర్క్‌లీలో పెరిగిన శాఖకు బి.ఎస్.డి. అని పేరు. మూలసంస్థయగు ఏటీ అండ్ టీ వారి శాఖలో 1983లో సిస్టం ఫైవ్ వెలువడినది. యంత్రములు అమ్మిన ప్రతి సంస్థయు ఈ రెంటిలో ఒకదానిని తీసికొని, రెండవదానినుండి కొంత చేర్చి, తమ సొంతముగా మరికొంత కలిపి వేర్వేరు పేర్లతో అమ్మెను.

ఫలితమేమి? ఒకే పని చేయు ఫంక్షను ఒకచోట ఒక పేరుతోను, మరియొకచోట వేరొక పేరుతోను ఉండెను. ఇంతకన్న కష్టమైనది ఇంకొకటి కలదు. పేరు ఒకటే, ప్రవర్తన వేరు! స్ప్రింటెఫ్ అను ఫంక్షను సాధారణముగా తాను వ్రాసిన అక్షరముల సంఖ్యను తిరిగి ఇచ్చును. సన్ ఓఎస్ 4లో అదే పేరుగల ఫంక్షను సంఖ్యకు బదులు, వ్రాసిన చోటు యొక్క చిరునామాను ఇచ్చును. సంఖ్య వచ్చునని నమ్మి లెక్క వేసిన ప్రోగ్రాము అక్కడ దారి తప్పును. 1988లో పోసిక్స్ ప్రమాణము, 1989లో సి భాషా ప్రమాణము ఏర్పడి ఈ భేదములను చాలవరకు తగ్గించినవి. కాని అంతకు ముందు తయారైన వ్యవస్థలు అట్లే ఉండిపోయినవి.

పేరు అడుగుటయా, గుణము అడుగుటయా?

ఈ భేదములను ఎదుర్కొనుటకు రెండు మార్గములు కలవు. మొదటిది పేరు అడుగుట. 1985లో వెలువడిన జి.ఎన్.యు. ఈమాక్స్ అను ఎడిటరులో ఈ మార్గమునే చాలకాలము అనుసరించిరి. ఒక్కొక్క జాతి యంత్రమునకు ఒక చిన్న ఫైలు, ఒక్కొక్క ఆపరేటింగ్ సిస్టమునకు మరియొక చిన్న ఫైలు అందులో ఉండెడివి. "ఇది ఫలానా యంత్రము, దీనిపై ఫలానా యూనిక్సు" అని చెప్పిన యెడల తగిన రెండు ఫైళ్లను జోడింతురు.

ఈ పద్ధతి పైకి సులభముగా కనబడును. కాని జాబితాలో లేని యంత్రము వచ్చినచో దారి లేదు. అంతే కాదు, ఒకే పేరుగల సిస్టముయొక్క తరువాతి వెర్షనులో క్రొత్త ఫంక్షను చేరినచో పేరు మారదు, గుణము మారును. ఒక బడిలో చదివిన బాలునికి ఎక్కములు వచ్చునా అని తెలిసికొనుటకు బడి పేరు అడిగిన చాలదు; ఎక్కము అప్పగింపు మనవలెను.

రెండవ మార్గము అట్లు అప్పగించుకొనుటయే. 1980 దశకములోనే లారీ వాల్ తన ప్రోగ్రాములకు కన్ఫిగర్ అను ప్రశ్నావళిని జతచేసెను. 1991లో డేవిడ్ మెకంజీ ఆటోకాన్ఫ్ అను సాధనమును ఆరంభించెను. విమ్ మూలపాఠముతో వచ్చు కన్ఫిగర్ ఈ ఆటోకాన్ఫ్ తయారు చేసినదే. ఇది యూనిక్సు షెల్ భాషలో వ్రాసిన పెద్ద ఆదేశమాల. ప్రతి యూనిక్సులోను షెల్ ఉండును గాన దీనికి వేరు సాధనము అక్కరలేదు. అతి పాత షెల్ కూడ చదువగలుగవలెనని, ఆటోకాన్ఫ్ కర్తలు చాలకాలము షెల్ భాషలోని ఫంక్షనులను సైతము వాడక దీనిని రచింపజేసిరి.

కన్ఫిగర్ పరీక్షించు విధము

కన్ఫిగర్ అడుగు ప్రశ్నలు మూడు తరగతులు.

మొదటి తరగతి: ఫలానా వాక్యమును కంపైలరు అంగీకరించునా? ఇందుకై కన్ఫిగర్ నాలుగైదు పంక్తుల చిన్న ప్రోగ్రామును తానే వ్రాసి కంపైలరునకు ఇచ్చును. కంపైలరు తిరస్కరించినచో "లేదు" అని గుర్తించుకొనును.

రెండవ తరగతి: ఫలానా ఫంక్షను లైబ్రరీలో ఉన్నదా? ఆ ఫంక్షనును పిలుచు చిన్న ప్రోగ్రామును వ్రాసి లైబ్రరీతో జోడించి చూచును. జోడింపు కుదిరినచో ఉన్నది, కుదరనిచో లేదు.

మూడవ తరగతి: ఉన్న ఫంక్షను సరిగా పనిచేయునా? చిన్న ప్రోగ్రామును తయారు చేయుటయే గాక, నడిపించి, జవాబును చూచును. మూడింటిలో ఇదే నమ్మదగిన పరీక్ష.

ఈ జవాబులన్నియు చివరకు రెండు ఫైళ్లలో చేరును. ఒకటి కాన్ఫిగ్ డాట్ హెచ్. "ఇది ఉన్నది, అది లేదు" అను పట్టిక ఇందుండును. మూలపాఠములో "ఉన్నచో ఈ భాగమును తీసికొనుము, లేనిచో ఆ భాగమును తీసికొనుము" అని వ్రాసిన చోట్ల కంపైలరు ఈ పట్టికను చూచి నడుచుకొనును. రెండవ ఫైలు మేక్ అను ప్రోగ్రామునకు ఏ కంపైలరును, ఏ లైబ్రరీలను వాడవలెనో తెలుపును.

మూడు పరీక్షలు

మూడవ తరగతి పరీక్షలలో కొన్నిటిని పరిశీలించిన వీని అవసరము విశదమగును.

ఒకటి, పెద్ద అక్షరముల పరీక్ష. ఇంగ్లీషు లిపిలో చిన్న అక్షరమును పెద్ద అక్షరముగా మార్చు టూఅప్పర్ అను ఫంక్షను కలదు. కంప్యూటరులో అక్షరములు సంఖ్యలుగా నిలుచును. చిన్న 'ఏ' సంఖ్య 97, పెద్ద 'ఏ' సంఖ్య 65. భేదము 32. పాత యూనిక్సులు కొన్నిటిలో ఈ ఫంక్షను ఏమియు విచారింపక 32 తీసివేయును. చిన్న అక్షరము నిచ్చినచో జవాబు సరియైనదే. కాని ఇదివరకే పెద్దదైన అక్షరము నిచ్చినచో? 65లో 32 పోగా 33. అది ఆశ్చర్యార్థక చిహ్నపు సంఖ్య! అనగా ఎడిటరులో ఒక పదమును పెద్ద అక్షరములలోనికి మార్చుమన్నచో, మొదటనే పెద్దగా ఉన్న అక్షరములన్నియు చెడిపోవును. విమ్ కన్ఫిగర్ పెద్ద 'ఏ'ను ఈ ఫంక్షనుకు ఇచ్చి, అదే తిరిగి వచ్చునా అని చూచును. రానిచో ముందు అక్షరము చిన్నదా పెద్దదా అని తానే విచారించుకొని పిమ్మట మార్చును.

రెండు, జరుపుట. అయిదుగురు విద్యార్థులు ఆరు స్థానముల బల్లపై ఎడమనుండి వరుసగా కూర్చున్నారు. ప్రారంభములో ఒక క్రొత్త విద్యార్థికి చోటు కావలెను. అందరును ఒక్కొక్క స్థానము కుడికి జరుగవలెను. ఎవరు ముందు లేవవలెను? కుడి చివరివాడు. ఎడమవాడే ముందు జరిగినచో ప్రక్కవాని ఒడిలో పడును. కంప్యూటరు జ్ఞాపకశక్తిలో ఒడి అనునది లేదు. పాత అక్షరము చెరిగిపోవును. క, చ, ట, త, ప అను అయిదు అక్షరములను ఎడమనుండి ఒక్కొక్కటిగా కుడికి జరిపి చూడుడు. రెండవ స్థానములో 'క' చేరును. మూడవ స్థానమునకు పోవలసినది రెండవ స్థానములోనిది. అది ఇప్పుడు 'క'యే. చివరకు ఆరు స్థానములందును 'క'యే మిగులును. కుడినుండి జరిపినచో ఏ నష్టమును లేదు.

ఒక పంక్తి నడుమ ఒక అక్షరమును చేర్చినప్పుడెల్ల ఎడిటరు చేయు పని ఇదియే. ఈ పనిని జాగ్రత్తగా చేయు ఫంక్షనునకు మెమ్‌మూవ్ అని పేరు. సన్ ఓఎస్ 4లో ఆ ఫంక్షను లేదు. అదే పని చేయు బీకాపీ అను బర్క్‌లీ ఫంక్షను కలదు. కన్ఫిగర్ వరుసగా మెమ్‌మూవ్, బీకాపీ, మెమ్‌సీపీవై అను మూడింటిని ఇట్టి జరుపుడుతో పరీక్షించి, నిలిచినదానిని స్వీకరించును. ఏదియు నిలువనిచో విమ్ తన సొంత ఫంక్షనును వాడుకొనును.

మూడు, టెర్మినలు. పాత యూనిక్సుల కాలమున తెర, మీటలబల్ల గల టెర్మినళ్లు తీగద్వారా కంప్యూటరునకు కలుపబడి ఉండెడివి. బాణపు గుర్తును 5వ వరుస, 10వ నిలువుగడికి పంపుటకు వీటీ-100 టెర్మినలుకు ఎస్కేపు గుర్తు తరువాత చదరపు కుండలీకరణము, 5, అర్ధబిందువు, 10, పెద్ద 'హెచ్' పంపవలెను. బిల్ జాయ్ వాడిన ఏడీఎం-3ఏ టెర్మినలుకు ఎస్కేపు గుర్తు, సమానపు గుర్తు, పిదప 36, 41 సంఖ్యలుగల రెండు అక్షరములు పంపవలెను. ఇట్టి సంకేతముల నిఘంటువులు రెండు కలవు. బర్క్‌లీ శాఖది టెర్మ్‌కాప్, సిస్టం ఫైవ్ శాఖది టెర్మిన్‌ఫో. రెంటిలోను టీగోటో అను ఒకే పేరుగల ఫంక్షను ఉండుట గమనింపదగినది. ఇందున్నది ఏ నిఘంటువు? కన్ఫిగర్ టెర్మిన్‌ఫో భాషలో ఒక చిన్న వాక్యమును, 1 అను సంఖ్యను ఇచ్చి పంపును. "1" అని జవాబు వచ్చినచో టెర్మిన్‌ఫో. పాత బర్క్‌లీ లైబ్రరీ అయినచో ఆ భాష తెలియక "ఊప్స్" అను పదమును తిరిగి ఇచ్చును!

పాత యంత్రముపై పని నడుచు క్రమము

1990లో వెలువడిన సన్ ఓఎస్ 4.1 గల యంత్రము మన ముందున్నదనుకొందము.

మొదటి ప్రశ్న: ఏ విమ్? సన్ ఓఎస్‌తో వచ్చిన కంపైలరు 1989 ప్రమాణమునకు ముందుది. ఫంక్షనుల వాదములను క్రొత్త రీతిలో వ్రాసిన అది అంగీకరింపదు. 2016 ప్రారంభము వరకు విమ్ మూలపాఠమును పాత రీతిలోనే ఉంచిరి, పిమ్మట మార్చిరి. నేటి విమ్‌లో 1999 ప్రమాణములోని కొన్ని విశేషములు కూడ వాడుకలో ఉన్నవి. కావున 2013లో వెలువడిన 7.4 గాని, అంతకు ముందరిది గాని ఎన్నుకొనుట మేలు. యంత్రముపై జీసీసీ అను కంపైలరును చేర్చుకొన్నచో పని మరింత సుగమమగును. ఏ కంపైలరును వాడవలెనో కన్ఫిగర్‌నకు ముందే చెప్పవచ్చును.

రెండవది పొట్లము విప్పుట. 7.4 మూలపాఠము బీజిప్2 పద్ధతిలో కుదించి ఇయ్యబడినది. ఆ పద్ధతి 1996లో పుట్టినది గాన 1990 నాటి యంత్రము దానిని ఎరుగదు. వేరొక కంప్యూటరుపై విప్పి పంపవలెను. ఇట్టి చిన్న అడ్డంకి వద్దనే పలువురు నిలిచిపోవుదురు.

మూడవది కోరికలను తగ్గించుకొనుట. విమ్ 7.4లో సౌకర్యములకు అయిదు మెట్లు కలవు: అతి చిన్న, చిన్న, సామాన్య, పెద్ద, అతి పెద్ద. జ్ఞాపకశక్తి కొద్దిగా ఉన్న యంత్రముపై అతి చిన్న మెట్టును ఎన్నుకొని, కిటికీల తెరను వలదని చెప్పి ఆరంభింపవలెను. అది నడచిన తరువాత మెట్టు పెంచుకొనవచ్చును. కాని తెలుగు పాఠమును దిద్దగోరువారు ఒక విషయమును మరువరాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. ఇందుకు బహుబైటు సౌకర్యమును వేరుగా కోరవలెను. టెర్మినలు కూడ తెలుగును చూపగలిగి ఉండవలెను.

నాల్గవది కన్ఫిగర్‌ను నడిపించుట. పిదప మేక్ అని ఆదేశింతుము. అప్పుడు ఓఎస్-డెఫ్ అను మరియొక చిన్న పరీక్షకుడు పనికి పూనుకొనును. పాత సన్ ఓఎస్ ఫైళ్లలో పెక్కు ఫంక్షనులకు ప్రకటనలు ఉండవు. ప్రకటన లేనిచో కంపైలరు ప్రతి ఫంక్షనును పూర్ణాంకము నిచ్చునని ఊహించును. విమ్ తనవద్ద పూర్తి ప్రకటనల జాబితా ఉంచుకొని, సిస్టములో ఇదివరకే ఉన్నవానిని కొట్టివేసి, లేనివానిని మాత్రము చేర్చుకొనును. హాజరుపట్టీ చూచి రానివారి పేర్లు మాత్రము వ్రాసికొనినట్లే.

పని మధ్యలో ఆగినచో నిరుత్సాహపడరాదు. కన్ఫిగర్ తాను అడిగిన ప్రతి ప్రశ్నను, వ్రాసిన చిన్న ప్రోగ్రామును, కంపైలరు పలికిన మాటలను కాన్ఫిగ్ డాట్ లాగ్ అను దినచర్యలో వ్రాసియుంచును. "లేదు" అను జవాబు నిజముగా ఫంక్షను లేనందున వచ్చినదా, కంపైలరు దారి తెలియక వచ్చినదా అని అందులో తెలియును. అట్లే కాష్ అను ఫైలులో పాత జవాబులు నిలువయుండును. లైబ్రరీని క్రొత్తగా చేర్చిన పిదపను కన్ఫిగర్ "లేదు" అనియే చెప్పుచున్నచో, అది మరల అడుగక పాత జవాబునే చదువుచున్నదన్నమాట. మేక్ రీకాన్ఫిగ్ అను ఆదేశముతో మరల మొదటినుండి అడిగింపవచ్చును.

పదునాలుగు అక్షరముల ప్రమాదము

కొన్ని ప్రశ్నలను తయారీ నాడు ఒక్కమారు అడిగిన చాలదు. తొలి యూనిక్సులలోను, సిస్టం ఫైవ్ పాత ఫైలు వ్యవస్థలోను ఒక్కొక్క ఫైలుకు డైరెక్టరీలో 16 బైట్లు కేటాయించిరి. అందులో 2 బైట్లు ఫైలు సంఖ్యకు, 14 బైట్లు పేరుకు. పేరు 14 అక్షరములు మించినచో మిగిలినవి చెప్పకుండ కత్తిరింపబడును. 1983లో వచ్చిన బి.ఎస్.డి. 4.2 ఈ హద్దును 255కు పెంచినది.

ఎడిటరులు ఫైలును క్రొత్తగా వ్రాయుటకు ముందు పాతదానికి ఒక నకలు తీసి, పేరు చివర అలగుర్తు తగిలించి దాచుట వాడుక. ఒక ఉపాధ్యాయుడు సరిగా 14 అక్షరముల పేరుతో ఒక పాఠమును దాచుకొన్నాడనుకొనుడు. నకలు పేరు 15 అక్షరములు. చివరి గుర్తు కత్తిరింపగా మిగులునది అసలు పేరే! నకలు అనుకొని వ్రాయునది అసలుపైననే పడును. కాపాడుటకు చేసిన ఉపాయమే పాఠమును మ్రింగివేయును.

యంత్రమునకు రెండు డిస్కులుండి, ఒకటి 14 అక్షరములది, మరియొకటి 255 అక్షరములది కావచ్చును. కాబట్టి విమ్ ప్రతిమారు నకలు తీయుటకు ముందు ఆ పేరుతో ఇదివరకే ఉన్న ఫైలుయొక్క డిస్కు సంఖ్యను, ఫైలు సంఖ్యను అసలుదానితో పోల్చి చూచును. రెండును ఒకటే అయినచో అది నకలు కాదు, అసలే అని గ్రహించి వేరు పేరును వెదకును. ఇక్కడను సూత్రమొకటే: పేరును నమ్మరాదు, వస్తువును చూడవలెను.

ఊరు చూడకుండ వంట

పాత యంత్రము మిక్కిలి మందమైనదైనచో, క్రొత్త కంప్యూటరుపైననే దానికి తగిన యంత్రభాషారూపమును తయారుచేసి పంపుట కలదు. అప్పుడు మూడవ తరగతి ప్రశ్నలకు జవాబు దొరకదు. పాత యంత్రమునకై తయారైన చిన్న ప్రోగ్రాము క్రొత్తదానిపై నడువదు గదా! ఇట్టిచోట విమ్ కన్ఫిగర్ ఊహింపదు. "టూఅప్పర్ చెడినదా? టెర్మిన్‌ఫో ఉన్నదా? జరుపుడు సరిగా జరుగునా? ఈ జవాబులు మీరే ఇయ్యుడు" అని అడిగి ఆగిపోవును. తెలియనిదానిని తెలిసినట్లు నటింపక అడుగుట ఇందలి విశేషము. అప్పుడు ఆ చిన్న ప్రోగ్రాములను పాత యంత్రముపై స్వయముగా నడిపించి జవాబులు తెచ్చి ఇయ్యవలెను.

తరగతిలో చేయదగినది

పాఠశాలలో లినక్సు నడుచు కంప్యూటరు, అందు సి కంపైలరు ఉన్నచో ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును చేయింపవచ్చును. విమ్ మూలపాఠమును విప్పి కన్ఫిగర్‌ను నడిపించుడు. తెరపై పంక్తులు పరుగెత్తుచుండగా, ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ప్రశ్నను ఎన్నుకొని వ్రాసికొనవలెను. తరువాత దినచర్య ఫైలును తెరచి, తన ప్రశ్నకై కన్ఫిగర్ వ్రాసిన చిన్న ప్రోగ్రామును వెదకి, "ఇది ఏ తరగతి ప్రశ్న? ఎప్పుడు 'లేదు' అని జవాబు వచ్చును?" అని వివరింపవలెను. కంప్యూటరు లేని చోట క, చ, ట, త, ప అను అక్షరములు వ్రాసిన చీటీలతో, ఆరు గడులు గీసిన నల్లబల్లపై జరుపుడు పరీక్ష చేయవచ్చును.

విజ్ఞానశాస్త్రమునకును, ఈ కన్ఫిగర్‌నకును బంధుత్వము కలదు. ద్రావకము ఆమ్లమా, క్షారమా అని తెలియుటకు మనము సీసాపై అంటించిన చీటీని మాత్రమే చదివి ఊరకుండము. లిట్మసు కాగితము ముంచి చూతుము. పాత యంత్రముపై క్రొత్త ఎడిటరును నిలుపుటయు అట్టిదే. అట్లు నిలిపినచో ముప్పది సంవత్సరములనాటి యంత్రము మూలపడక పాఠములు దిద్దుచునే ఉండును. దాని డిస్కులోని వ్రాతలు చదువ వీలుగా మిగులును.